వెనిల్లా సీసా గురించి మీరడిగినవి

కిందటి నెల ఎగ్‌లెస్ కేకు కొలతల్లో ‘ఇంట్లో చేసుకున్న వెనిల్లా ఎక్స్‌ట్రాక్ట్ ఒక టీస్పూను’ అని రాశాను. కేకు సంగతి పక్కన పెట్టి చాలామంది ఆ ఒక్క టీస్పూను గురించే అడిగారు. అందుకని ఈ నెల జవాబులన్నీ వెనిల్లా మీదే. నేను రాజమండ్రిలో మా ఇంట్లోనే కేకులు చేసి ఇస్తుంటాను, అడిగినవాళ్లకు నేర్పుతుంటాను. నా వంటింట్లో కుంకుమపువ్వు తర్వాత గ్రాముల లెక్కన కొనే ఖరీదైన సరుకు ఈ వెనిల్లా కాయలే. డబ్బు పెట్టి కొనేది ఒక్క గ్రాము కూడా వృథా కాకూడదని నా తాపత్రయం.

మేడమ్ గారూ, కిరాణా షాపులో దొరికే వెనిల్లా ఎసెన్స్‌తోనే ఏళ్ల తరబడి కేకులు చేస్తున్నాను. తిన్నవాళ్లంతా బాగుందనే అన్నారు. ఎక్స్‌ట్రాక్ట్ అన్నా అదే కదా? దానికోసం అంత ఖర్చు ఎందుకు?
— ఒక గృహిణి, తణుకు

రెండూ ఒకటి కావండీ. ఎక్స్‌ట్రాక్ట్ అంటే వెనిల్లా కాయల్ని వోడ్కా లాంటి మందులో నెలల తరబడి నానబెట్టి దించిన సారం. మీ దగ్గరున్న సీసా వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదవండి. ‘ఆర్టిఫిషియల్ ఫ్లేవర్’ అనో, ‘నేచర్ ఐడెంటికల్ ఫ్లేవర్’ అనో ఉంటుంది. చాలా సీసాల్లో దాన్ని కరిగించడానికి ప్రొపిలీన్ గ్లైకాల్ అనే ద్రవం వాడతారు. అసలు కాయ ఆ దరిదాపుల్లో ఉండదు.

వెనిల్లా కాయ వాసనకు ముఖ్య కారణం వెనిలిన్ అనే పదార్థం. గోబ్లీ అనే ఫ్రాన్సు రసాయన శాస్త్రవేత్త 1858లో దాన్ని కాయలోంచి వేరు చేశాడు. 1874లో జర్మనీకి చెందిన టీమన్, హార్మన్ అనే ఇద్దరు కాయ అవసరం లేకుండానే, పైన్ జాతి చెట్లలో దొరికే ఒక పదార్థం నుంచి వెనిలిన్ తయారు చేసి చూపించారు. తర్వాత కాగితం మిల్లుల వ్యర్థాల నుంచి చేశారు. ఇప్పుడు ఎక్కువగా పెట్రోలియం సరుకు నుంచి చేస్తున్నారు. వెనిలిన్ ఎక్కడి నుంచి వచ్చినా వెనిలినే. కాబట్టి మీరిన్నాళ్లూ పిల్లలకు పెట్టింది చెడ్డదేమో అని బెంగ పెట్టుకోకండి.

తేడా ఎక్కడంటే, అసలు కాయలో వెనిలిన్‌తో పాటు వాసననిచ్చే పదార్థాలు ఇంకా వందల్లో ఉంటాయి. కొంచెం ఎండుద్రాక్ష, కొంచెం పొగ, కొంచెం కొయ్య వాసన, అన్నీ కలిసి వస్తాయి. ఎసెన్స్‌లో ఆ ఒక్క తీపి వాసనే గట్టిగా కొడుతుంది, కొంచెం ఎక్కువైతే చేదు కూడా తగులుతుంది.

నా సలహా అడిగితే, చాక్లెట్ కేకుకీ మసాలాలు పడే ప్లమ్ కేకుకీ కరకరలాడే బిస్కెట్లకీ మీ ఎసెన్స్ చాలు, అక్కడ తేడా పట్టుకోవడం కష్టం. కస్టర్డ్, ఐస్‌క్రీమ్, గిలక్కొట్టిన క్రీమ్, వెన్నతో చేసే మామూలు స్పాంజ్ కేకు, వీటిలో మాత్రం వెనిల్లా తప్ప దాక్కోవడానికి ఇంకే రుచీ లేదు. వాటికోసం ఎక్స్‌ట్రాక్ట్ చేసి పెట్టుకోండి. అలా వాడితే చిన్న సీసా ఏడాది వస్తుంది.

అక్కా, యూట్యూబ్‌లో ఒకరు రెండు కాయలంటారు, ఇంకొకరు పదంటారు. క్వార్టర్ సీసా వోడ్కాకి అసలు ఎన్ని కాయలు వెయ్యాలి? ఎన్నాళ్లు ఉంచాలి? ఏ రకం కొనాలి?
— ఒక ఐటీ ఉద్యోగిని, మియాపూర్, హైదరాబాద్

కాయల్ని లెక్కపెట్టడం మానేసి తూకం వెయ్యండి. గందరగోళమంతా ఆ లెక్కలోనే ఉంది. కొన్ని కాయలు 2 గ్రాములుంటాయి, కొన్ని 4 గ్రాములుంటాయి. ‘పది కాయలు’ అంటే ఏం తెలుస్తుంది?

అమెరికాలో సీసా మీద ‘వెనిల్లా ఎక్స్‌ట్రాక్ట్’ అని రాసి అమ్మాలంటే ప్రభుత్వం పెట్టిన కొలత ఒకటుంది. ఒక గ్యాలన్‌కి, అంటే 3.785 లీటర్లకి, 13.35 ఔన్సుల కాయలు పడాలి. ద్రవంలో ఆల్కహాల్ కనీసం 35 శాతం ఉండాలి. మన లెక్కల్లోకి మార్చుకుంటే లీటరుకి 100 గ్రాములు. గుర్తుపెట్టుకోవడం ఎంత తేలికో చూడండి, 10 మిల్లీలీటర్లకి ఒక గ్రాము. మీ క్వార్టర్ సీసా 180 మిల్లీలీటర్లు కాబట్టి 18 గ్రాముల కాయలు కావాలి. ఎండు రకమైతే ఏడు నుంచి తొమ్మిది కాయలు, కండ ఎక్కువున్నవైతే ఐదారు వస్తాయి. రెండు కాయలు వేసి ఏడాది ఉంచినా అది రంగు మారిన వోడ్కానే అవుతుంది. ఎక్కువ రోజులు ఉంచినంత మాత్రాన తక్కువ పడిన కాయ బరువు భర్తీ కాదు.

ఇంట్లో గ్రాములు చూపించే చిన్న త్రాసు లేకపోతే, కాయలు కొన్న ప్యాకెట్ మీద బరువు చూసి దాన్ని బట్టి వోడ్కా కొలిచి పోసుకోండి. 25 గ్రాముల ప్యాకెట్‌కి 250 మిల్లీలీటర్లు.

కాయల్లో గ్రేడ్ ఏ, గ్రేడ్ బి అని అమ్ముతారు. గ్రేడ్ ఏ నల్లగా, నూనె రాసినట్టు మెరుస్తూ, కండతో ఉంటుంది. అందులో తేమ దాదాపు మూడో వంతు ఉంటుంది. అంటే మీ డబ్బులో మూడో వంతు నీళ్లకి పోతుంది! గింజలు గీరి నేరుగా ఐస్‌క్రీమ్‌లో వేసుకునేవాళ్లకి అది సరిపోతుంది. సీసాలో నానబెట్టడానికి గ్రేడ్ బి కొనండి. చూడ్డానికి కొంచెం ఎండినట్టు, ఎర్రగా ఉంటుంది. ధర తక్కువ, సారం ఎక్కువ. మడగాస్కర్‌వే కావాలని పట్టుబట్టక్కర్లేదు. కేరళ, కర్ణాటక కాయలు కూడా బావుంటాయి, కొందరు రైతులు నేరుగా పోస్టులో పంపుతారు. వచ్చిన వెంటనే ఒక కాయ తీసి చూపుడువేలికి చుట్టి చూడండి. చిట్లకుండా చుట్టుకుంటే మంచిది. పుల్లలా టక్కున విరిగితే వెనక్కి పంపెయ్యండి. నాకోసారి ఒక ఆన్‌లైన్ దుకాణం నుంచి వచ్చిన ప్యాకెట్ విప్పితే అన్నీ విరిగిన ముక్కలే, వాసన కూడా లేదు. ఫొటోలు తీసి పంపి, డబ్బు తిరిగి వచ్చేదాకా వదల్లేదు. మీరూ మొహమాటపడకండి.

వోడ్కా విషయానికొస్తే, మన దగ్గర లేబుల్ మీద 42.8 శాతం అని ఉంటుంది. అది చాలు. ఖరీదైన బ్రాండు అక్కర్లేదు గానీ, నారింజ, గ్రీన్ యాపిల్ లాంటి ఫ్లేవర్లు కలిపినవి కొనొద్దు. రమ్‌తో చేస్తే చెరకు వాసన అడుగున నిలుస్తుంది, చాక్లెట్‌కి బాగా కలుస్తుంది. బీరు, వైను పనికిరావు, వాటిలో ఆల్కహాల్ సరిపోదు.

ఇక చేసే పద్ధతి. కాయను బోర్డు మీద పెట్టి, కాడ దగ్గర అంగుళం వదిలేసి, సన్నని కత్తిమొనతో కొసదాకా నిలువుగా ఒక్క గీత గియ్యండి. రెండుగా విడిపోనక్కర్లేదు, నోరు తెరుచుకుంటే చాలు. లోపల కనిపించే నల్లటి ముద్దలో ఆవగింజలో పదో వంతు కూడా ఉండని గింజలు వేలల్లో ఉంటాయి. వేలికి అంటుకుంటే ఒక పట్టాన వదలవు. ఆ గింజల చుట్టూ ఉన్న జిగురులోనే సారమంతా ఉంటుంది, అందుకే కాయను చీరాలి. గింజలు గీరి తీయకండి, అలాగే వెయ్యండి. సీసా పొట్టిగా ఉంటే కాయల్ని ముక్కలు చేసుకోండి. బాగా కడిగి, తడి లేకుండా ఆరిన గాజు సీసాలో కాయలు వేసి, అవి పూర్తిగా మునిగేలా వోడ్కా పోసి బిగుతుగా మూత పెట్టండి. సీసా మీద టేపు అంటించి తేదీ రాయండి. రాయకపోతే మూడు నెలలకి ఏ సీసా ఎప్పటిదో తెలియదు.

చీకటిగా ఉండే అలమరలో పెట్టండి. ఫ్రిజ్‌లో వద్దు, చల్లదనానికి సారం దిగడం నెమ్మదిస్తుంది. స్టవ్ పక్కనా వద్దు. వారానికోసారి సీసాని తలకిందులు చేసి ఊపండి. నాలుగైదు రోజులకే డికాషన్ రంగు వచ్చేస్తుంది, అది చూసి మోసపోకండి. నెలకి మూత తీసి వాసన చూస్తే ముక్కుకి మందు ఘాటే ముందు తగులుతుంది. రెండు నెలలకి వాడుకోవచ్చు. ఆరు నెలలకి ఘాటు వెనక్కి తగ్గి వెనిల్లా ముందుకొస్తుంది. ఏడాదికి ఇంకా బాగుంటుంది. సంక్రాంతికి పోసి పెట్టుకుంటే డిసెంబర్‌లో క్రిస్మస్ కేకులకి అందివస్తుంది.

అడుగున గోధుమరంగు మడ్డి పేరుకుంటే కంగారు వద్దు, అది కాయ సారమే. కాఫీ ఫిల్టర్ పేపర్‌లోనో నాలుగు మడతల మల్లు గుడ్డలోనో వడకట్టుకోండి. ఒక మాట, కొందరు వాడినప్పుడల్లా కొత్త వోడ్కా పోస్తూ సీసాని ఎప్పటికీ నిండుగా ఉంచుతారు. దాంతో పలచబడిపోతుంది. పోస్తే పోయండి గానీ, ప్రతి 20 మిల్లీలీటర్లకి 2 గ్రాముల కొత్త కాయ కూడా వెయ్యండి.

మేడమ్, మా తమ్ముడు కాలేజీ ల్యాబ్‌లో పని చేస్తాడు. వైన్ షాపు ముందు నిలబడలేను. ల్యాబ్ స్పిరిట్ గానీ, మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్ గానీ వాడొచ్చా?
— ఒక లెక్చరర్, హన్మకొండ

వద్దు. దయచేసి ఈ ఆలోచనే వదిలెయ్యండి. సర్జికల్ స్పిరిట్‌ని ఎవరూ తాగకుండా ఉండాలని కావాలనే విషపదార్థాలు కలుపుతారు, అందులో మిథనాల్ ఉండొచ్చు. మిథనాల్ కంటిచూపు పోగొడుతుంది, ప్రాణమే తీస్తుంది. ల్యాబ్ ఆల్కహాల్ తినే సరుకుగా తయారైంది కాదు. శానిటైజర్లు, నాటుసారా కూడా అంతే. వెనిల్లా కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు.

పోనీ తినదగ్గ 95 శాతం ఆల్కహాల్ దొరికినా, అది వోడ్కా కంటే మెరుగు కాదు. కాయలోని సారం కొంత ఆల్కహాల్‌లోకి, కొంత నీళ్లలోకి దిగుతుంది. రెండూ ఉంటేనే పని బాగా జరుగుతుంది. మీరు వెళ్లలేకపోతే తమ్ముణ్ణే లేబుల్ ఉన్న మామూలు వోడ్కా సీసా ఒకటి తెచ్చిపెట్టమనండి.

మా ఇంట్లో మందు వాసన కూడా పడదు. మామగారు ఒప్పుకోరు. ఆల్కహాల్ లేకుండా చేసుకునే దారి ఉందా? కేకులో వేస్తే ఆవిరైపోతుందంటారు, నిజమేనా?
— ఒక కోడలు, గుంటూరు

రెండో ప్రశ్నకి ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే దీని మీద చాలామంది అబద్ధం చెబుతారు. మొత్తం ఆవిరైపోదు. చాలా భాగం పోతుంది, కొంత మిగులుతుంది. లెక్క చూస్తే 5 మిల్లీలీటర్ల టీస్పూనులో ఉండే ఆల్కహాల్ సుమారు 2 మిల్లీలీటర్లు. అది కేకు మొత్తానికి, అదీ ఓవెన్‌లోకి వెళ్లకముందు. ఒక ముక్కలోకి వచ్చేది చాలా తక్కువ. అయినా అసలు ముట్టని నియమం ఉన్నవాళ్లకి ‘ఏం కాదులే’ అని చెప్పకుండా పెట్టడం తప్పు. అడిగి పెట్టాలి. తాగుడు మానిపించడానికి డైసల్ఫిరామ్ అనే మందు వాడుతున్నవాళ్లు ఇంట్లో ఉంటే ఎక్స్‌ట్రాక్ట్ జోలికే వెళ్లకండి. ఆ మందు మీద ఆల్కహాల్ కొంచెం పడినా ఒంట్లో తేడా చేస్తుంది.

మీ ఇంటికి గ్లిజరిన్ దారి ఉంది. తినడానికి పనికొచ్చే ఫుడ్ గ్రేడ్ గ్లిజరిన్, ప్యాకెట్ మీద ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు నంబరున్నది కొనండి. చర్మానికి రాసుకునేది వద్దు. మూడు వంతుల గ్లిజరిన్‌కి ఒక వంతు కాచి చల్లార్చిన నీళ్లు కలిపి, పైన చెప్పినట్టే 10 మిల్లీలీటర్లకి ఒక గ్రాము చొప్పున కాయలు వెయ్యండి. గ్లిజరిన్ చిక్కగా ఉంటుంది కాబట్టి సారం నిదానంగా దిగుతుంది. ఆరు నెలలకి ముందు తియ్యకండి. తయారయ్యాక ఫ్రిజ్‌లో పెట్టుకోండి. వాసన మందుతో చేసినంత గట్టిగా రాదు, టీస్పూను బదులు రెండు వేసుకోవాలి.

మనసులో మాట చెప్పాలంటే, మీలాంటి ఇళ్లకి నేను గ్లిజరిన్ కంటే వెనిల్లా చక్కెరే చెబుతాను. ఒక కాయను చీరి, పావుకిలో పంచదారలో పూడ్చి, గాలి చొరని డబ్బాలో మూడు నాలుగు వారాలు ఉంచండి. కేకులో వేసే పంచదార బదులు అదే వెయ్యండి. ఏ సీసాతోనూ పనిలేదు, మామగారితో ఏ ఇబ్బందీ ఉండదు.

పోస్టులో తెప్పించిన కాయల మీద తెల్లగా ఏదో ఉంది. బూజు పట్టిందా? తుడిచి వాడుకోవచ్చా?
— ఒక పాఠకుడు, అనంతపురం

పారేసే ముందు సెల్‌ఫోన్ టార్చి వేసి దగ్గరగా చూడండి. కాయ మీద గాజుపొడి చల్లినట్టు సన్నటి సూదులు తళుక్కుమంటుంటే అది బూజు కాదు, వెనిలిన్ స్ఫటికాలు. కాయలో నిండా ఉన్న వెనిలిన్ పైకి వచ్చి గడ్డకట్టింది. మీరు అదృష్టవంతులు, అలాంటి కాయలు కావాలని వెతుక్కునేవాళ్లున్నారు. ఒకటి రెండు పలుకులు వేలితో నలిపితే కరిగిపోతాయి, వేలికి తియ్యటి వాసన అంటుకుంటుంది.

అలా మెరవకుండా, దూదిలా నూగుగా, బూడిదరంగో పచ్చదనమో కలిసి ఉంటే అది బూజే. ఎక్కువగా కాడ దగ్గర, కట్ట కట్టిన దారం కింద మొదలవుతుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే తడిసిన గోనెసంచి వాసన వస్తుంది. దాన్ని తుడిచి వాడకండి, వోడ్కాలో వేస్తే చచ్చిపోతుందిలే అనుకోవద్దు. బూజు చచ్చినా అది వదిలిన విషం పోదు. దానికి అంటుకుని ఉన్న కాయలతో సహా తీసెయ్యండి. మిగతావాటిని మైనం కాగితంలో చుట్టి డబ్బాలో, చీకట్లో, గది వేడిలోనే ఉంచండి. వెనిల్లా కాయల్ని ఫ్రిజ్‌లో పెడితే ఎండిపోతాయి, లేదంటే ఇలా బూజు పడతాయి.

అక్కా, ఆరు నెలలు ఆగడం నావల్ల కాదు. ప్రెషర్ కుక్కర్‌లో పెట్టి గంటలో చేసేస్తున్నారు వీడియోల్లో. చెయ్యొచ్చా?
— ఒక డిగ్రీ విద్యార్థిని, నెల్లూరు

చెయ్యకు తల్లీ. 40 శాతం ఆల్కహాల్ నుంచి వచ్చే ఆవిరి సుమారు 26 డిగ్రీల దగ్గరే నిప్పు తగిలితే అంటుకుంటుంది. మీ నెల్లూరులో గది వేడే అంతకంటే ఎక్కువ. కుక్కర్‌లో వేడి చేస్తే విజిల్‌లోంచి వచ్చేది ఆ ఆవిరే, కిందేమో గ్యాస్ మంట. మూత బిగించిన సీసా లోపల పేలినా పేలుతుంది. ఇంత సాహసం చేసినా, తొందరపెట్టి దించిన సారానికి నిదానంగా ఊరినదాని రుచి రాదు. ఈ నెల పుట్టినరోజు కేకుకి కావాలంటే ఒక కాయ చీరి, గింజలు గీరి నేరుగా పిండిలో వెయ్యి. ఖాళీ తొక్కని పంచదార డబ్బాలో పడెయ్యి.

మేము బెంగళూరులో ఉంటాం. మా వారి స్నేహితుడికి కొడగులో కాఫీ తోట ఉంది. అందులో వెనిల్లా తీగలున్నాయని అరకిలో పచ్చికాయలు ఇచ్చారు. చూస్తే చిక్కుడుకాయల్లా ఉన్నాయి, వాసనే లేదు. అలాగే వోడ్కాలో వేసెయ్యనా?
— ఒక పాఠకురాలు, బెంగళూరు

వెయ్యకండి! ఈ ఉత్తరం చదివి నాకెంత సంతోషమైందో చెప్పలేను. మీ చేతిలో ఉన్నది చాలామందికి చూడ్డానికే దొరకని సరుకు.

పచ్చికాయలో వాసన ఉండదు. వెనిలిన్ అందులో చక్కెరతో ముడిపడి ఉంటుంది. కాయని మగ్గబెట్టినప్పుడు దానిలోని ఎంజైములు ఆ ముడి విప్పుతాయి, అప్పుడే వాసన పుడుతుంది. ఆ పని జరగకముందే వోడ్కాలో వేస్తే అక్కడితో ఆగిపోతుంది.

అసలు ఆ కాయ మీదాకా రావడానికి పడిన కష్టం చూడండి. వెనిల్లా ఒక ఆర్కిడ్ తీగ, పుట్టిల్లు మెక్సికో. పువ్వు ఒక్క ఉదయమే విచ్చుకుంటుంది, మధ్యాహ్నానికల్లా వాడిపోతుంది. పువ్వులోని ఆడ, మగ భాగాల మధ్య సన్నటి పొర అడ్డం ఉంటుంది కాబట్టి తనంత తాను కాయదు. మెక్సికో దాటించి తీగని ఎక్కడ నాటినా, పూలు పూసేవి గానీ వాటంతటవే కాయలు రాలేదు. 1841లో హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో ఎడ్మండ్ ఆల్బియస్ అనే పన్నెండేళ్ల బానిస కుర్రాడు, సన్నటి పుల్లతో ఆ పొరని పైకెత్తి బొటనవేలితో పుప్పొడి అద్దే కిటుకు కనిపెట్టాడు. మడగాస్కర్‌లోనైనా, మీ కొడగులోనైనా ఈరోజుకీ ఆ పిల్లవాడి పద్ధతే. ఒక్కో పువ్వుకి ఒక్కోసారి చెయ్యి పెట్టాల్సిందే. ఆ కిటుకు మీద లోకమంతా వ్యాపారం చేసింది. ఆల్బియస్ మాత్రం 1880లో పేదరికంలోనే పోయాడు. నేను నేర్పే ప్రతి బ్యాచ్‌కీ కత్తి చేతికివ్వకముందు ఈ సంగతి చెబుతాను.

మీ వారి స్నేహితుడి దగ్గర తీగలు మిగిలాయంటే ఆయన ఓపిక గొప్పది. 2000లో మడగాస్కర్‌ని తుపాను దెబ్బతీశాక ధర పెరుగుతూ పోయి, 2003 నాటికి ప్రపంచ మార్కెట్‌లో ఎండుకాయ కిలో 500 డాలర్ల దాకా పలికింది. కేరళలో, కర్ణాటకలో ఎంతోమంది ఆశతో తీగలు నాటారు. దొంగల భయానికి రాత్రిళ్లు తోటల్లో కాపలా పడుకున్నారు. తర్వాత రెండేళ్లలో ధర 50 డాలర్ల కిందికి పడిపోయింది. చాలామంది తీగలు పీకేశారు.

ఇక మీరు చెయ్యాల్సింది. ముందు కాయల కొసలు చూడండి. పసుపు తిరిగి ఉంటే ముదిరినట్టు. మొత్తం పచ్చగా ఉన్నవాటిలో పెద్దగా వాసన రాదు, విడిగా పెట్టండి. నీళ్లని 63 నుంచి 65 డిగ్రీలకి వేడి చేసి, థర్మామీటరుతో చూసుకుంటూ కాయల్ని మూడు నిమిషాలు ముంచి తియ్యండి. మరిగే నీళ్లయితే ఎంజైములు చచ్చిపోతాయి, మొత్తం శ్రమ వృథా. తీసిన వెంటనే వేడివేడిగా ఉన్ని శాలువాలో చుట్టి, థర్మోకోల్ పెట్టెలో పెట్టి మూత వెయ్యండి. ఒకటి రెండు రోజులకి కాయలు చాక్లెట్ రంగుకి తిరుగుతాయి. అక్కణ్ణుంచి వారం, రెండు వారాల పాటు రోజూ రెండు మూడు గంటలు ఎండలో, నల్లటి దుప్పటి మీద పరచి, ఒళ్లు కాలేంత వేడెక్కాక అదే దుప్పటితో చుట్టి మళ్లీ పెట్టెలోకి. వేడి లోపల ఉండగానే చుట్టాలి, అదే ముఖ్యం. ఆ తర్వాత నీడలో, గాలి ఆడే చోట, జల్లెడ మీద మూడు నాలుగు వారాలు ఆరబెట్టండి. వేలికి చుట్టుకునేంత మెత్తగా, ముడతలు పడి ఉన్నప్పుడు ఆపెయ్యండి. చివరగా మైనం కాగితంలో చుట్టి డబ్బాలో రెండు మూడు నెలలు. వారానికోసారి విప్పి బూజు ఉందేమో ఒక్కో కాయా చూడండి.

అరకిలో పచ్చికాయలు 80 నుంచి 100 గ్రాములకి వస్తాయి. మీకు దాదాపు లీటరు ఎక్స్‌ట్రాక్ట్‌కి సరిపోతాయి. కాయ కోసినప్పుడు కాడ నుంచి కారే రసం కొందరికి దురద పెడుతుంది, చేతులకి తొడుగులు వేసుకోండి. పని అయ్యాక ఎలా వచ్చాయో తప్పకుండా రాయండి, ఎదురుచూస్తుంటాను.

ఆంటీ, మేము డాలస్‌లో ఉంటాం. మెక్సికో టూర్‌లో పెద్ద వెనిల్లా సీసా చాలా చవగ్గా వచ్చింది. వాడొచ్చా? ఇంట్లో చేసిన సీసాని ఇండియాకి అమ్మకి తేవచ్చా?
— ఒక పాఠకురాలు, టెక్సస్

మెక్సికోలో మంచి వెనిల్లా ఉంది, వెరాక్రూజ్ ప్రాంతం దాని అసలు ఊరు. కానీ పర్యాటకుల కోసం చవగ్గా అమ్మే కొన్ని సీసాల్లో టోంకా గింజల సారం కలుపుతారు. దానిలో కూమరిన్ అనే పదార్థం ఉంటుంది, వాసన వెనిల్లాకి దగ్గరగా ఉంటుంది. అది కాలేయానికి చేటు చేస్తుందని అమెరికాలో 1954 నుంచి తిండిలో కలపనివ్వడం లేదు. లేబుల్ మీద ‘వెనిల్లా బీన్’ అని స్పష్టంగా ఉందా, లేక ‘టోంకా బీన్’ అని ఉందా చూడమ్మా. ఏమీ రాయకపోతే వాడకు.

ఇంట్లో చేసిన సీసా మాత్రం తేవద్దు. ఆల్కహాల్ 24 శాతం దాటిన సీసా ఏదైనా, చెకిన్ సామానులో వెయ్యాలంటే దుకాణం సీలు విప్పకుండా ఉండాలి. నీ సీసాకి సీలు ఉండదు కదా. దుకాణంలో కొన్న సీలున్న ఎక్స్‌ట్రాక్ట్ అయితే చెకిన్ సామానులో వేసుకోవచ్చు. అసలు అమ్మ దగ్గరికి వచ్చినప్పుడు ఇక్కడే ఇద్దరూ కూర్చుని ఒక సీసా పోసిపెట్టండి. మళ్లీ వచ్చేసరికి తయారుగా ఉంటుంది.

వడకట్టాక మిగిలిన కాయలు పారేయడానికి మనసొప్పడం లేదు. వాటినేం చెయ్యాలి? పాయసంలో వెనిల్లా వేస్తే బాగుంటుందా?
— ఒక రిటైర్డ్ టీచరు, విజయనగరం

పారేయకండి అమ్మా. పళ్లెంలో పరచి నీడలో పెళుసుగా అయ్యేదాకా ఆరబెట్టి, పంచదారతో కలిపి మిక్సీ పట్టి జల్లించండి. టీలో వేసుకోవడానికి, బిస్కెట్ల మీద చల్లడానికి బాగుంటుంది. వాసన కొత్త కాయంత ఉండదు గానీ ఉంటుంది. సీసా అడుగున మిగిలిన గింజల ముద్దని ఐస్‌క్రీమ్‌లో కలిపెయ్యండి.

పాయసం మాట, బెల్లం పడితే వెయ్యొద్దు, బెల్లం వాసన ముందు అది నిలవదు. యాలకులు వేస్తే కూడా వద్దు, రెండూ ఒకదాన్నొకటి చెడగొడతాయి. పంచదార, పాలతో చేసే సేమ్యాకో సగ్గుబియ్యానికో యాలకులు మానేసి, లీటరు పాలకి ఒక టీస్పూను వేసి చూడండి. బంగినపల్లి మామిడి ముక్కలు కలిపే కస్టర్డ్‌కైతే ఇంకా బాగుంటుంది. ఏదైనా స్టవ్ కట్టేసి, గిన్నె చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాకే వెయ్యండి. మరిగే పాలల్లో పోస్తే వాసనంతా ఆవిరితో పోతుంది.